గుల్లకొంగల తోపు

గరువుపాలెం కమ్యూనిటీ హాలు తాళంచెవి శ్యామలాంబ ఇంట్లో ఉండేది. ఆమె భర్త అప్పాజీ పంచాయతీలో వార్డు మెంబరు. హాలు వాళ్ళ గుమ్మానికి ఎదురుగానే ఉంది కాబట్టి తాళంచెవి అక్కడుంటే అందరికీ వీలని ఎవరో అన్నారు, అలాగే ఉండిపోయింది. టీకాలవాళ్ళు వచ్చినా, ఓట్లవాళ్ళు వచ్చినా తలుపు తీసి, నేల ఊడ్చి, మంచినీళ్ళ బిందె పెట్టి వచ్చేది శ్యామలాంబే.

1992లో వానలు కాస్త వెనకబట్టాక ఓ ఆదివారం పొద్దున్న ఉదయభాస్కర్ అనే ఆయన స్కూటరు మీద వచ్చి తాళం అడిగాడు. భీమవరంలో ఓ కాలేజీలో జువాలజీ చెబుతాడట. ఊళ్ళోవాళ్ళకి పక్షుల గురించి, తేనెటీగల గురించి నాలుగు మాటలు చెప్పే కార్యక్రమం పెట్టుకున్నాం, హాలు కావాలన్నాడు. ఆమె హాలు ఊడ్చి వెళ్ళిపోబోతుంటే, "మీరూ కూర్చోండమ్మా. ఒక్క ఆడమనిషీ రాలేదు," అన్నాడు.

"పొయ్యి మీద పప్పు పడేసి వచ్చానండి."

"పప్పు ఉడికేలోపు అయిపోతుందండి."

అవలేదు. పప్పు మాడి, గిన్నె అడుగు బొగ్గయింది. ఆ పూట అప్పాజీ ఆవకాయతోనే అన్నం తిని లేచాడు. శ్యామలాంబ మటుకు ఆ సంగతి పట్టించుకునే స్థితిలో లేదు. పాఠం అయ్యాక లెక్చరరు అందర్నీ మురుగు కాలువ గట్టు మీదున్న నల్లతుమ్మ తోపు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్కొక్కరి చేతికీ బైనాక్యులర్సు ఇచ్చి చూడమన్నాడు. తన వంతు వచ్చినప్పుడు ఆమెకి ముందు అంతా మసగ్గా కనబడింది. చక్రం తిప్పమంటే తిప్పింది. ఉన్నట్టుండి ఓ గుల్లకొంగ తల ఆమె కళ్ళ ముందుకి వచ్చేసింది. ముక్కు మూసుకునే ఉంది కానీ, పై ముక్కూ కింది ముక్కూ నడుమన కలవడం లేదు. మధ్యలో సందుంది. ఆ సందులోంచి వెనకాల ఆకు కనబడుతోంది.

"దీని మూతికేదో దెబ్బ తగిలిందండి పాపం," అంది.

"దెబ్బ కాదండి. పిల్లప్పుడు తిన్నగానే ఉంటుంది. పెరిగేకొద్దీ ఆ సందు పడుతుంది. నత్తగుల్లని పట్టుకుని లోపలి మాంసం లాగడానికి అదే పనిముట్టు."

శ్యామలాంబ బైనాక్యులర్సు దించలేదు. వెనకున్నవాళ్ళు సణుగుతున్నా దించలేదు. కాపరానికి వచ్చిన దగ్గర్నించీ ఏటా వానలతోపాటు ఆ కొంగలు రావడం, గూళ్ళు కట్టడం, శీతాకాలం మధ్యలో పిల్లల్ని వెంటేసుకుని పోవడం చూస్తూనే ఉంది. వాటి కిందుగా నడిచేటప్పుడు నెత్తి మీద రెట్ట పడకుండా కొంగు కప్పుకోవడమే ఆమెకి తెలిసిన పని. ఇన్నేళ్ళుగా ఒక్కదాని మొహం కూడా తను చూడలేదని ఆమెకి ఆ రోజు తెలిసింది.

అలా మొదలైంది. ఉదయభాస్కర్ నెలకోసారి వచ్చేవాడు. రెండు నెలలు గడిచేసరికి, ఆయన వచ్చే ముందు రోజు ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళని పోగుచేసే పని శ్యామలాంబ మీద పడింది. ఏడాది తిరిగేసరికి ఆయన రాని ఆదివారాలు కూడా హాలు తలుపు తెరుచుకునేది. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, నలుగురిలో మాట్లాడాలంటే గొంతు ఎండిపోయే మనిషి, గోడకి బొమ్మలు తగిలించి తనకి చేతనైనట్టు చెప్పేది. బీరపాదు పూలకి తుమ్మెద ఎందుకు కావాలో, తేనెపట్టుకి పొగబెట్టి కాల్చేస్తే పెరట్లో పిందె ఎలా తగ్గుతుందో చెప్పేది. కొంగ గుడ్లు దింపుకుపోయే కుర్రాళ్ళ తల్లులతో మంచిగా మాట్లాడి ఆ పని మాన్పించింది. ఊళ్ళో ఆమెకి పిట్టలావిడ అని పేరొచ్చింది. ముందు వెటకారానికే అన్నారు. తర్వాత్తర్వాత అది పేరుగానే మిగిలింది.

తోపు అప్పాజీ అన్నగారైన దొరబాబుది. తండ్రి పోయాక అప్పాజీని పెంచి, పెళ్ళి చేసి, వాటా పంచి ఇచ్చింది ఆయనే. శ్యామలాంబకి బావగారంటే భయం కన్నా గౌరవం ఎక్కువ. గూళ్ళున్నంత కాలం తోపులో కొమ్మ కొట్టకూడదని ఆమె అడిగితే, ఆయన నవ్వి, "నేనెప్పుడు కొట్టానమ్మా? అది వాటి పుట్టిల్లు. పురిటికి వచ్చినవాళ్ళని పొమ్మంటామా?" అన్నాడు. తోపు మొదట్లో ఆయనే బోర్డు పాతించాడు. దాని మీద కొంగ బొమ్మ వేయించాడు. బొమ్మ బాతులా వచ్చింది.

అప్పటికే ఆ చుట్టుపక్కల వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. దొరబాబు తన చేలు తవ్వించాడు. అన్నగారి మాట మీద అప్పాజీ కూడా తనకున్న చేను తవ్వించాడు. మొదటి రెండు పంటలూ బాగా వచ్చాయి. పెంకుటిళ్ళ చోట డాబాలు లేచాయి. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడుకి ఊరు అలవాటుపడింది.

1994లో తెల్లమచ్చ రోగం వచ్చింది.

ముందు కింది ఊళ్ళలో అన్నారు. తర్వాత కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర అన్నారు. వినాయక చవితి వెళ్ళాక గరువుపాలెంలోకే వచ్చేసింది. రొయ్యలు మేత మానేసి, ఎర్రబారి, గట్టు వారకి వచ్చి తేలేవి. పెంకు వలిచి వెలుగుకి పెట్టి చూస్తే సున్నపు చుక్కల్లాంటి మచ్చలు. వారం తిరక్కుండా చెరువు చెరువంతా చచ్చిపోయేది. ఏ మందూ పనిచెయ్యలేదు. సున్నం చల్లారు, బ్లీచింగు చల్లారు, ఎవరేం చెబితే అది చల్లారు.

గట్టు వారకి తేలిన రొయ్యలంటే పిట్టలకి పండగే. తెల్లకొంగలు, కాకులు, సముద్రం వైపు నుంచి వచ్చే పిట్టలు వరసకట్టాయి. ఓ కాకి చచ్చిన చెరువులోంచి రొయ్యని ఎత్తుకుని, ఎగురుతూ ఎగురుతూ పక్క చెరువులో జారవిడవడం నలుగురూ కళ్ళారా చూశారు. ఆ మాట నాలుగో రోజుకల్లా ఊరంతా పాకింది. మేత కంపెనీ తరఫున తిరిగే టెక్నీషియను కూడా, రోగం పిట్టలు మోస్తాయి, జాగ్రత్తగా ఉండండని చెప్పి వెళ్ళాడు.

మర్నాటి నుంచి గట్ల మీద పిట్టల్ని బెదరగొట్టే టపాకాయలు పేలడం మొదలైంది. ఆ వారం దొరబాబు చెరువుల్లో ఒకటి పోయింది. ఆ సాయంత్రం ఆయన నేరుగా తమ్ముడి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. శ్యామలాంబ ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకునే ఉన్నాడు కానీ తాగలేదు.

"అమ్మా శ్యామలా, తోపు కొట్టెయ్యమంటున్నారు ఊళ్ళో అందరూ. నా చెరువుతో పోయేదైతే నేను వినను. కానీ అందరి నోట్లోనూ మట్టి పడుతోంది, ఆ పిట్టలకి నీడ ఇచ్చింది నువ్వేనని నన్నంటున్నారు."

"గుల్లకొంగలు నత్తలే తింటాయి బావగారూ. రొయ్యల జోలికి రావు."

"సరే. అవి రావు. ఆ పక్క కొమ్మ మీద గూళ్ళు పెట్టిన తెల్లకొంగలో?"

తెల్లకొంగలు రొయ్యలు తింటాయని ఆమెకీ తెలుసు.

"నువ్వు చదువుకున్నదానివి ఈ సంగతి. పిట్టలు రోగం మొయ్యవని ఒక్క మాట చెప్పు. నీ మాట నేను నమ్ముతాను. అందరికీ నేను చెప్పుకుంటాను."

అబద్ధం చెప్పినా ఆయన నమ్మేవాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. అందుకే నోరు రాలేదు. "మేస్టారిని అడిగి చెబుతానండి," అంది.

మర్నాడు మొదటి బస్సుకే భీమవరం వెళ్ళింది. ఉదయభాస్కర్ కాలేజీ వరండాలోనే కనబడ్డాడు. ఆమె చెప్పిందంతా విని కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"మొయ్యవని నేను చెప్పలేనండి శ్యామలాంబగారూ. చచ్చిన రొయ్యని ఎత్తుకెళ్ళి ఇంకో చెరువులో పడేస్తే అంటుకోవచ్చు. అయితే అంతకన్నా ఎక్కువగా సీడుతో, అంటే మీరు కొని వదిలే రొయ్యపిల్లలతో వస్తుంది, కాలువ నీటితో వస్తుంది. చచ్చిన చెరువు నీళ్ళు మీరంతా ఏ కాలువలోకి వదులుతున్నారు? మళ్ళీ ఏ కాలువలోంచి తోడుకుంటున్నారు? తోపు కొట్టేసినా రోగం ఆగదండి."

"అదంతా వాళ్ళు వినరండి. మొయ్యవు అని ఒక్క ముక్క చెప్పండి చాలు. మీరు చెబితే వింటారు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఒకవేళ నేను అలా చెప్పాక ఎవరి చెరువైనా పోతే?" అన్నాడు.

అది నిజమే. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె ఆ మాటే తిప్పి తిప్పి అనుకుంది. ఆయన తప్పు లేదు. బావగారి తప్పూ లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకి తెలియలేదు.

ఆ ఆదివారం ఉదయభాస్కర్ ఊళ్ళోకి వచ్చాడు. హాలు ఎన్నడూ లేనంతగా నిండింది. సీడు గురించి, కాలువ నీటి గురించి ఆయన బోర్డు మీద బొమ్మ వేసి చెబుతుంటే వెనక నుంచి ఎవరో, "మేస్టారూ, తమకెన్ని చెరువులున్నాయండి?" అని అడిగారు. హాలంతా నవ్వింది. ఆయన సుద్దముక్క కింద పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఎవరికీ వినబడలేదు.

అటవీ శాఖవాళ్ళకి చెబుదామని ఆయనే ఫోను చేశాడు. రెండు రోజులకి ఒక ఉద్యోగి వచ్చాడు. తోపు చూశాడు, కొబ్బరిబోండం తాగాడు. "సొంత పట్టా స్థలంలో చెట్లండి. గూళ్ళున్నప్పుడు కొట్టకూడదనుకోండి, కొడితే కేసు పెట్టొచ్చు. మీరు మీ పేరు మీద కంప్లయింటు ఇస్తారా అమ్మా? ఎవరి మీద ఇవ్వాలో చెప్పండి," అన్నాడు. ఆయన పక్కనే దొరబాబు నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ. అప్పాజీ నేల చూస్తున్నాడు. శ్యామలాంబ, "ఇవ్వనండి," అంది.

మిగిలింది గడువు అడగడం ఒక్కటే. "పిల్లలకి ఈకలు వస్తున్నాయి బావగారూ. కార్తీకం దాటేవరకు ఆగితే ఎగిరిపోతాయి. ఆ తర్వాత మీ ఇష్టం. నేనే దగ్గరుండి కొట్టిస్తాను." దొరబాబు సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ దీపావళికి ముందు ఆయన రెండో చెరువులో కూడా రొయ్యలు తేలాయి. తోపుకి ఆనుకునే ఉన్న చెరువది. ఆ పొద్దున్న ఆయన ఇంటికి రాలేదు. కబురూ పెట్టలేదు. గొడ్డళ్ళ చప్పుడే కబురు.

ఆ చప్పుడు వినబడేసరికి శ్యామలాంబ పెరట్లో బట్టలు పిండుతోంది. చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడింది. ఊళ్ళో ఇంకా పోని చెరువులు కొన్నే ఉన్నాయి. అందులో తమది ఒకటి. అప్పాజీ రెండు వారాలుగా చెరువు గట్టు మీదే పడుకుంటున్నాడు. దేవుడా, తోపు పోతే పోయింది, దీనితోనైనా మా చెరువు నిలబడుతుందేమో అని ఆమె మనసులో ఓ మూల అనుకుంది. అనుకున్నట్టు తెలిసి, చీర బకెట్లో పడేసి పరుగెత్తింది.

నల్లతుమ్మ గట్టి చెక్క. ఒక్కో చెట్టూ పడడానికి చాలాసేపు పట్టింది. పెద్ద కొంగలు లేచి తోపు మీద తిరుగుతున్నాయి. గుల్లకొంగకి పెద్దగా అరుపు రాదు. ముక్కుతో టకటకమని కొట్టుకుంటుంది, అంతే. అన్ని వందల కొంగలు అలా తిరుగుతున్నా పైనుంచి ఆ టకటక తప్ప ఇంకో శబ్దం లేదు. చెట్టు పడ్డప్పుడల్లా గూళ్ళు చెదిరి పిల్లలు ముళ్ళలో పడ్డాయి. దొరబాబు దూరంగా గట్టు మీద అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన దగ్గరికి వెళ్ళాలని నాలుగడుగులు వేసి ఆగిపోయింది ఆమె. ఏం చెప్పాలని? చెప్పాల్సినవన్నీ చెప్పేసింది. ఆయన విన్నాడు కూడా.

జ్ఞానమ్మ అనే ఆవిడ అప్పటికే కొమ్మల్లోకి దూరి ఉంది. చెరువుల మీద మేత వేసే పని ఆమెది. ఆదివారం పాఠాలకి ఒక్క వారం మానకుండా వచ్చేది. మోచేతుల నిండా ముళ్ళు గీరుకుని నెత్తురు కారుతోంది. "ట్రేలు తెండమ్మగారూ, ట్రేలు!" అని అరిచింది. రొయ్యలు పట్టే ప్లాస్టిక్ ట్రేల్లో ఇద్దరూ కలిసి బతికున్న పిల్లల్ని ఏరారు. హాలు తలుపు తీసి, గోడలకి తగిలించిన బొమ్మల కింద గడ్డి పరిచి వాటిని దింపారు.

వాటి ముక్కులు తిన్నగా ఉన్నాయి. సందు ఇంకా పడలేదు.

కాలువల్లో నత్తగుల్లలు ఏరుకొచ్చి, పగలగొట్టి, లోపలిది తీసి నోట్లో పెడితే కొన్ని మింగాయి. కొన్ని కక్కేశాయి. తల్లి ఎలా తినిపిస్తుందో బైనాక్యులర్సుతో చూసింది కానీ, చేత్తో ఎలా చెయ్యాలో ఆమెకి తెలియదు. ఉదయభాస్కర్‌కీ తెలియదు. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేశాడు, నీళ్ళలో గ్లూకోజు కలిపి పట్టమంటే పట్టారు. పొద్దున్నే హాలు తలుపు తీసేసరికి కొన్ని మెడలు వాల్చేసి ఉండేవి. జ్ఞానమ్మ వాటిని గోతంలో వేసుకుని వెళ్ళేది. పెద్ద కొంగలు కొన్ని రోజులు హాలు పైకప్పు మీద, కరెంటు స్తంభాల మీద వాలాయి. తలుపులు బార్లా తీసి పెట్టినా లోపలికి రాలేదు. వాటికి తమ పిల్లలు గూట్లో ఉంటేనే పిల్లలు. తర్వాత అవీ పోయాయి. చివరికి బతికినవాటిని ఉదయభాస్కర్ అట్టపెట్టెల్లో పెట్టి అద్దె కారులో తీసుకెళ్ళాడు. దారిలో అవి ఏమయ్యాయో ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కార్తీక పౌర్ణమి వెళ్ళాక అప్పాజీ చెరువు కూడా తేలింది.

అప్పటికి ఊళ్ళో తోపూ లేదు, కొంగలూ లేవు. దొరబాబు వచ్చి తమ్ముడి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ తేలిన రొయ్యల్ని చూస్తూ కూర్చున్నారు. శ్యామలాంబ కాఫీ పట్టుకెళ్ళి ఇచ్చింది. తోపు కొట్టేశారు కదా, మరి ఇదెక్కణ్ణించి వచ్చింది బావగారూ అని అడుగుతుందేమోనని దొరబాబు గ్లాసు అందుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు. ఆమె అడగలేదు. ఆయన ఆ ఒక్క నెలలోనే బాగా ముసలివాడైపోయాడు. తను నెగ్గానని అనిపించుకోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

"ఏంటో శ్యామలా," అన్నాడు ఆయన.

మరుసటి ఏడు వానలకి కొన్ని గుల్లకొంగలు వచ్చాయి. నరికిన మొదళ్ళ మీదుగా రెండు మూడు రోజులు తిరిగాయి. ఆమె డాబా ఎక్కి చూస్తూ కూర్చుంది. అవి పడమటగా వెళ్ళిపోయాయి. ఉదయభాస్కర్‌కి దూరంగా ఎక్కడికో బదిలీ అయింది. హాల్లో పాఠాలు ఆగిపోయాయి. ఆపెయ్యమని ఎవరూ అనలేదు, వచ్చేవాళ్ళు లేక ఆగాయి.

మళ్ళీ 2003లో మండలాఫీసు నుంచి డ్వాక్రా మహిళలకి పిట్టలు, పురుగులు, పెరటి పంటల మీద ఏదో శిక్షణ అన్నారు. ఊళ్ళో ఎవరు చెబుతారంటే అందరూ శ్యామలాంబ పేరే చెప్పారు. ఆమె వద్దంది. రెండోసారి అడిగితే వెళ్ళింది. పూత రాలిపోయి బీరపాదులు కాయడం మానేశాయని ఆడవాళ్ళు చెబుతుంటే, తుమ్మెద రానప్పుడు మగపువ్వు తెంపి ఆడపువ్వుకి ఎలా అద్దాలో చేసి చూపించింది. అది అందరికీ నచ్చింది. తుమ్మెదలు ఎందుకు రావడంలేదో చెప్పబోతే సగంమంది లేచిపోయారు. పురుగుమందు కొట్టేది వాళ్ళ మగవాళ్ళే. ఆ మాట ఇంట్లో ఎవరనగలరు?

అందరూ వెళ్ళాక దుర్గాశ్రీ అనే కొత్త కోడలు ఒక్కతీ ఆగింది. దొరబాబు చెరువుల్ని ఇప్పుడు లీజుకి తీసుకున్న కుర్రాడి భార్య. అతను చెరువుల మీద పిట్టలు రాకుండా సన్నటి నైలాను దారాలు కట్టాడు.

"పిన్నిగారండి, దారాల్లో ఓ కొంగ చిక్కుకుందండి. పొద్దున్నించీ కొట్టుకుంటోంది. నేను విప్పితే ఆయనకి కోపం వస్తాదండి. మీరైతే ఆయనేమీ అనరు. కాస్త వస్తారా?"

శ్యామలాంబ వెళ్ళింది. విప్పితే ఒక్క కొంగ ఎగిరిపోతుంది, దారాలు ఉంటాయి. రేపు ఇంకొకటి పడుతుంది. ఆ లెక్క ఆమెకి నడుస్తున్నంతసేపూ తెలుసు. ఇద్దరూ గట్టెక్కేసరికి కొంగ కొట్టుకోవడం మానేసింది. గుడ్డికొంగ అది, మట్టిరంగుది, గట్టు మీద నిలబడితే మట్టిగడ్డో పిట్టో తెలియదు. అవతలి గట్టు మీద దుర్గాశ్రీ భర్త మేత బస్తాలు దింపిస్తున్నాడు. వీళ్ళని చూశాడు. "చచ్చిపోయింది కదండీ పిన్నిగారూ, మా వాళ్ళు తీసేస్తార్లెండి," అని మర్యాదగానే అన్నాడు.

"పర్లేదు బాబూ," అంది ఆమె. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, కాళ్ళకి, మెడకి చుట్టుకున్న దారాన్ని ఒక్కొక్క చుట్టూ విప్పింది. రెక్క మెలిపడి ఉంటే మెల్లిగా లాగి తిన్నగా పెట్టింది. రెక్క విచ్చుకుంది.

"అయ్యో, లోపలంతా ఇంత తెల్లగా ఉందేంటండీ?" అంది దుర్గాశ్రీ.

"వాలినప్పుడు కనబడదమ్మా. లేచినప్పుడే కనబడుతుంది."

"నేనెప్పుడూ చూడలేదండి."

"ఆ దారాల అవతల గట్టు మీద ఇంకోటి వాలి ఉంది చూడు," అని శ్యామలాంబ నీళ్ళలోంచే తడిచేత్తో అటు చూపించింది. దుర్గాశ్రీ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని వెతకసాగింది.